లస్కరు గారి మాట, నా ఇంగ్లీషు

మొన్న ఆదివారం మధ్యాహ్నం గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద వడియాలు తిరగేస్తుంటే ఫోను మోగింది. ఊరి నుంచి మా తోడికోడలు. "అక్కా, మన లస్కరు పోయాడంట. పొద్దున చర్చికి బయల్దేరతా చెప్పులేసుకుందామని వంగాడంట, అంతే, మళ్ళీ లేవలేదంట" అంది. ఊపిరి తీసుకోకుండానే, "పండుమిరపకాయలు పంపమంటావా, పచ్చడికి?" అని అడిగింది. నేనేం జవాబు చెప్పానో గుర్తు లేదు. మిరపకాయలైతే మర్నాడు బస్సులో వచ్చాయి. అంటే పంపమనే చెప్పి ఉంటాను.

లస్కరంటే ఎవరో తెలియని వాళ్ళ కోసం చెబుతాను. కాలువ గట్టు వెంట తిరుగుతూ తూములు ఎత్తి దించేవాడు, తుంగ పీకేవాడు, గండి పడకుండా చూసేవాడు, నీటిమట్టం చూసి ఆఫీసుకు రాసి పంపేవాడు. ఆ శాఖలో ఆయన కింద ఇక ఎవరూ ఉండరు, కాలువ తప్ప. రైతుకు నీళ్ళు వస్తే అది ప్రభుత్వం గొప్ప. రాకపోతే తప్పు లస్కరుది. మా ఊళ్ళో ఆయన్ని ఏ ఒక్కరూ 'గారు' అనగా నేను వినలేదు. నేనూ అనలేదు. మా నాన్న వయసున్న మనిషి నన్ను 'మీరు' అంటుంటే నేను 'నువ్వు' అనేదాన్ని, అదేదో సహజమైనట్టు. ఇప్పుడు ఈ కాగితం మీద 'గారు' అని రాస్తుంటే ఆయన వినడానికి లేరు.

మా ఊరు వినుకొండకు దక్షిణంగా, ప్రకాశం జిల్లాలోకి అడుగుపెట్టగానే వస్తుంది. సాగర్ కాలువ కొమ్మలుగా, రెమ్మలుగా చీలి చీలి చివరికి మా ఊరి దగ్గర అయిపోతుంది. అక్కడి నుంచి పొదిలి దాకా చేలకు వానే గతి. మ్యాపులో చూస్తే మాది ఆయకట్టే. చేలో చూస్తే మెట్ట. మంచి ఏళ్ళలో కూడా పైన ఊళ్ళన్నీ తాగి, కడిగి, పారబోసుకున్నాక మిగిలింది మాకు వచ్చేది. ఈ విషయం గురించి లస్కరు గారు ఒక మాట అనేవారు: "పైవోడికి దప్పిక తీరదు, కిందోడికి ఆశ చావదు." ఆ మాటలో ఫిర్యాదు ఉండేది కాదు. రోజూ చూసే సంగతి చెప్పినట్టే చెప్పేవారు.

నేను ఆ ఊరికి కోడలిగా రావడం, అక్కడి హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరడం ఒకే ఏడు జరిగాయి. తొంభైల చివరి రోజులు. బడికి కాలువ గట్టే అడ్డదారి. మొదటి వారంలోనే ఒక పొద్దున చూశాను, చెప్పులు చేత్తో పట్టుకుని, నీళ్ళ వైపు చూస్తూ, పెదాలు కదుపుతూ ఒక ముసలాయన గట్టు మీద నడుస్తున్నాడు. పిచ్చివాడనుకుని కొంచెం పక్కకు తప్పుకున్నాను. ఆయన నన్ను చూసి ఆగలేదు. నడక అయ్యాక ఒక తుమ్మచెట్టు దగ్గర నిలబడి, "ఏమనుకోవాకండమ్మా, మధ్యలో ఆపితే లెక్క తప్పుద్ది" అన్నారు.

సంగతేమిటంటే, ఆయన పొద్దున్నే కాలువలో ఒక గడ్డిపరక వేసి, వేసిన చోటి నుంచే ప్రార్థన మొదలుపెట్టి దాని పక్కన నడుస్తారు. ప్రార్థన ముగిసేలోపు పరక తుమ్మచెట్టు దాటితే కాలువలో నీళ్ళు ఉన్నట్టు. చెట్టు దగ్గరకు చేరితే పర్వాలేదు. చేరకపోతే ఆ వారం చివరి చేలకు నీళ్ళు అందవు. రాతి మీద అంకెలు రాసిన గేజీ ఉంది, కానీ దాని సగం అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. "రాయి మట్టం చెప్పుద్దమ్మా, నడక చెప్పదు. నీళ్ళు నిలబడి కూడా మట్టం చూపిస్తయ్యి" అన్నారు. ప్రార్థన తొందరగా చదివితే లెక్క మారిపోదా అని నేను ఎగతాళిగా అడిగాను. "దేవుడి కాడ తొందరేందమ్మా" అన్నారు, నవ్వలేదు.

చెప్పులు చేత్తో పట్టుకోవడానికీ ఒక కారణం ఉంది. గట్టు లోపల ఎక్కడైనా ఎండ్రకాయ బొరియ చేస్తే, పైకి కనపడక ముందే మట్టి చల్లబడుతుంది. ఆ చల్లదనం అరికాలికి తెలుస్తుంది. అలా రెండుసార్లు ఆయన గండి పడకుండా ఆపారని మా మామగారే చెప్పేవారు. చెప్పేవారు గానీ, లస్కరు గారు మా ఇంటికి వస్తే అరుగు కిందే నిలబెట్టి మాట్లాడేవారు. ఆయన కూడా ఎక్కేవారు కాదు. ఎక్కమని నేను అనలేదు. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన కోడలిని కదా అని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. తొమ్మిదేళ్ళు ఉన్నాను ఆ ఇంట్లో. తొమ్మిదో ఏడు కూడా కొత్త కోడలినేనా?

కాలువ ఎండితే చాలు, గట్టు మీద ఎవరు ఎదురుపడినా ఒకటే కేక: "ఒరేయ్ లస్కరూ, నీళ్ళేయిరా?" కృష్ణా నదిని ఆయన జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టు. ఆయన ఒకసారి నిజంగానే చొక్కా జేబు బయటికి తిరగేసి చూపించారు. అందులోంచి రెండు గడ్డిపరకలు రాలాయి. కేకేసినాయన కూడా నవ్వక తప్పలేదు.

ఆయనతో నాకు పరిచయం పెరిగింది కాగితాల వల్ల. పై ఆఫీసు నుంచి ఆయనకు అప్పుడప్పుడు ఇంగ్లీషులో ఉత్తర్వులు వచ్చేవి. ఐదో తరగతి దాకా మిషను బడిలో చదువుకున్న మనిషికి ఇంగ్లీషులో ఎందుకు రాస్తారో రాసేవాళ్ళకే తెలియాలి. ఆ కాగితం మడత నలగకుండా బైబిల్లో పెట్టుకుని బడికి తెచ్చేవారు. నేను చదివి, ముక్క ముక్కా విడగొట్టి చెప్పేదాన్ని. అంతకు ముందు ఆ పని సంఘం ప్రెసిడెంటు చేసేవాడట. నీటి సంఘాలు కొత్తగా వచ్చిన రోజులవి, మా ఊరి సంఘానికి ఆయనే పెద్ద. "ఆయన చదివితే ఆయనకు కావాల్సింది వినపడుద్దమ్మా. మీరు చదివితే అడుగున రాళ్ళతో సహా కనపడుద్ది" అన్నారు లస్కరు గారు. నా ఇంగ్లీషుకు ఇంతకంటే మంచి సర్టిఫికెట్టు నాకు ఎవరూ ఇవ్వలేదు. దాన్ని నేనేం చేసుకున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటాక వరసగా కరువు వచ్చింది. డ్యాములో నీళ్ళు తగ్గేకొద్దీ పైన ఊళ్ళలో నీళ్ళు లాక్కోవడానికి గట్లకు దొంగ గొట్టాలు దించడం ఎక్కువైంది. అప్పుడే పేపర్లలో ఒక వార్త మొదలైంది. కేంద్రం వాళ్ళు మన నది సంగతి చూస్తారట, కాలువల మీద ఎక్కడికక్కడ తమ కొలత యంత్రాలు పెడతారట, ముందుగా ఇంజనీర్ల బృందం వచ్చి చూసి పోతుందట. ఇక చూడండి. ఒకరి ముఖం ఒకరు చూసుకోని పార్టీల వాళ్ళు కూడా ఒకే బల్ల మీద కూర్చుని మన నది మీద ఢిల్లీ పెత్తనం ఏమిటన్నారు. ఈ రోజు కొలత, రేపు తాళం, ఎల్లుండి మన తూము ఎత్తడానికి ఢిల్లీకి అర్జీ పెట్టుకోవాలి అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ కొంత నచ్చుతుంది. మా బడి పిల్లలతో ఊరేగింపు తీశాం. అట్టల మీద నినాదాలు నా చేతిరాతే.

ఊరేగింపు కాలువ వంతెన దాటుతుంటే లస్కరు గారు ఒక పక్కకు నిలబడి అట్టలన్నీ ఓపిగ్గా చదివారు. సాయంత్రం బడి వదిలాక వచ్చి అడిగారు.

"ఢిల్లీవోళ్ళు వచ్చి ఏం చేస్తారంటమ్మా?"

"మన నీళ్ళు వాళ్ళ చేతిలోకి తీసుకుంటారు పెద్దాయనా."

"మన నీళ్ళంటే ఏ నీళ్ళు? మనకు వస్తన్నయ్యా?"

"మనకంటే మన ఊరికని కాదు. రాష్ట్రానికి."

ఆయన గోడకు ఆనించిన అట్టల వైపు చూశారు. "కొలిచేవోడు పరాయోడైతే మంచిదేమోనమ్మా. పరాయోడికి మొహమాటం ఉండదు. పంచేవోడు మాత్రం మనోడే ఉండాల. పంచేటప్పుడు ఏ చేను ఎండిందో తెలిసినోడు కావాల. ఈ రెండూ ఒకటే అన్నట్టు రాశారే అట్టల మీద?" అన్నారు.

అది రెండు నిమిషాల మాట. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఈ విషయం మీద నేను చదివిన వ్యాసాల్లో ఎక్కడా ఇంత తేటగా చెప్పిన వాళ్ళు లేరు. అప్పుడు మాత్రం, పాపం చదువు లేదు కదా, అందుకే అర్థం కాలేదు అనుకున్నాను. చదువుకున్న దాన్ని కదా మరి.

ఆ చలికాలంలో బృందం మా వైపు వస్తుందని కబురు వచ్చింది. కాలువ చివర నీళ్ళు అందుతున్నాయా లేదా చూస్తారట. వాళ్ళు రావడానికి మూడు రోజుల ముందు, ఏ దేవుడు కరుణించాడో, మా కాలువ నిండింది. మామూలుగా నిండడం కాదు, గట్టు అంచు నాకుతూ. పై ఊళ్ళ తూములన్నీ మూయించి నీళ్ళు మా మీదికి వదిలారని సాయంత్రానికల్లా అందరికీ తెలిసింది. కాలువ ఆఫీసు తరపున ఒకాయన, ఆయన పక్కన సంఘం ప్రెసిడెంటు మా అరుగు మీద కూర్చున్నారు. మా మామగారి మిరప చేను పూత, పిందె మీద ఉంది. రెండు తడులు పడితే కాపు నిలబడుతుంది, లేకపోతే పిందె రాలుతుంది.

"టీచరమ్మా, వాళ్ళకు తెలుగు రాదు. మాటలు మీరే చెప్పాల" అన్నాడు ప్రెసిడెంటు. "మనలో మనకు లక్ష ఉంటయ్యి. పైఊరోడితో కొట్టుకుంటాం, రేపు కలుస్తాం. పరాయోడి ముందర మాత్రం నీళ్ళు బాగానే వస్తన్నయ్యి, మీ యంత్రాలు మాకొద్దు అనాల. ఇంటిగుట్టు లంకకు చేటు."

"అట్లా అంటే ఈ నీళ్ళు ఇంకో పది రోజులు ఉంచుతాం" అన్నాడు ఆఫీసాయన.

మా మామగారు నా వైపు చూశారు. ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు, అప్పుడూ నోరు తెరిచి అడగలేదు. ఒప్పుకున్నాను. పైగా అది అబద్ధమని నాకు అనిపించలేదు. రాష్ట్రం కోసం అనుకున్నాను. చేను కోసం అని ఒప్పుకున్నా కొంత నయంగా ఉండేది.

బృందం వచ్చిన రోజు గట్టు మీద ఊరంతా ఉంది. నీళ్ళు తీసుకున్న చేలన్నీ నల్లగా మెరుస్తున్నాయి. వచ్చిన వాళ్ళలో పెద్ద ఇంజనీరు బట్టతలాయన, ఎండలో చెమట తుడుచుకుంటూ గేజీ రాయి ముందు వంగి చెరిగిన అంకెలు తడిమి చూశాడు. తర్వాత లేచి, దీన్ని రోజూ చూసే మనిషి ఎవరని అడిగాడు. అది ఎవరూ అనుకోలేదు. ప్రెసిడెంటునో, రైతులనో అడుగుతారనుకున్నారు గానీ లస్కరుని అడుగుతారని ఎవరనుకుంటారు? ఆయన వెనక ఎక్కడో తుంగ మొక్కల దగ్గర నిలబడి ఉన్నారు. జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆయన కోసం మా ఊరు దారి ఇవ్వడం నేను చూడటం అదే మొదలు.

చివరి చేలకు నీళ్ళు ఎన్నాళ్ళు వస్తాయని ఇంజనీరు అడిగాడు. నేను తెలుగులో అడిగాను. లస్కరు గారు చెప్పులు గట్టు మీద పెట్టి, చేతులు కట్టుకుని, నా ముఖం వైపే చూస్తూ మొదలుపెట్టారు.

"అయ్యా, ఈ నీళ్ళు మూడు రోజుల కింద వచ్చినయ్యి, తమరు వస్తన్నారని. ఇట్టాంటి నీళ్ళు చూసి నాకు ఆరేళ్ళయింది. వదిలినప్పుడు వారం వస్తయ్యి, ఆ వారంలో కూడా చివరి రెండు తూములకు ఎక్కవు. పైన గట్టుకు గొట్టాలు దించారు, యాడ దించారో నాకు తెలుసు, తమరు నడిస్తే చూపిస్తా. పైవోళ్ళు చెడ్డోళ్ళని కాదయ్యా, వాళ్ళకూ రేపు వస్తయ్యో రావో నమ్మకం లేదు, అందుకని ఇయ్యాళే తాగుతన్నారు. ఎంత వచ్చిందో పైనుంచి కింద దాకా అందరికీ తెలిస్తే ఆ భయం పోద్ది. తమరు కొలవండి. పంచుకోవడం మేం పంచుకుంటాం. తమరు ఎల్లుండి చెప్పకుండా ఒకసారి రండి."

ఆయన ఆపేసరికి ఇంజనీరు నా వైపు తిరిగాడు. ప్రెసిడెంటు చేతులు వెనక్కి కట్టుకుని నన్నే చూస్తున్నాడు. మా మామగారు నేల చూస్తున్నారు. నా నాలుక అంగిటికి అంటుకుపోయింది. నేను ఇంజనీరు వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాను: నీళ్ళు బాగానే వస్తున్నాయంటున్నాడు, ఇబ్బందులు ఉంటే మాలో మేమే చూసుకుంటామంటున్నాడు, బయటి యంత్రాలు అక్కర్లేదంటున్నాడు.

ఇంజనీరు ఆయన ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. అంత పొడుగు మాట ఇంత పొట్టిగా ఎలా అయిందని అతనికి అనిపించకుండా ఉండదు. ఇంకేమైనా చెబుతాడేమో అడగమన్నాడు. అడిగాను. "ఇంకేమైనా చెబుతావా పెద్దాయనా అంటున్నారు."

లస్కరు గారు నెమ్మదిగా అన్నారు: "నేను గంపెడు పోశానమ్మా. ఆయనకు గుప్పెడే అందింది. ఇంకా పోస్తే మాత్రం ఏం లాభం? చాల్లే."

చుట్టూ ఉన్నవాళ్ళు కొందరు నవ్వారు, గట్టున పడ్డామన్నట్టు. ఏమంటున్నాడని ఇంజనీరు అడిగాడు.

"మీకు కృతజ్ఞతలు చెబుతున్నాడు" అన్నాను ఇంగ్లీషులో.

అతను లస్కరు గారికి చేతులెత్తి నమస్కారం పెట్టాడు. ఆయన తిరిగి పెట్టారు. నేను ఆ ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాను.

పది రోజులు అన్న నీళ్ళు బృందం వెళ్ళిన మర్నాడు సాయంత్రానికి తగ్గడం మొదలైంది. మూడో రోజు బడికి వెళుతుంటే లస్కరు గారు గట్టు మీద నిలబడి ఉన్నారు. గడ్డిపరక వేసిన చోటనే తిరుగుతోంది. ఆయన ప్రార్థన పూర్తిగా చదివే ముగించారు. మా చేనుకు రెండో తడి అందలేదు. పిందె రాలింది. ప్రెసిడెంటు చేను కూడా ఎండింది, ఆ మాట కూడా చెప్పాలి. ఆయన ఏదో తన లాభం కోసం ఆడిన నాటకం కాదది. అందరం కలిసి, ఎంతో ఐకమత్యంగా, మా నోటి ముందు నీళ్ళు మేమే మళ్ళించుకున్నాం.

కొన్నాళ్ళకు కేంద్రం వెనక్కి తగ్గిందని, మన రాష్ట్రం మాట నెగ్గిందని పేపర్లో పడింది. మా ఊళ్ళో టపాకాయలు కాల్చారు. ఎండిన కాలువలోకి దిగి మరీ కాల్చారు, గాలి రాకుండా ఉంటుందని. మర్నాడు లస్కరు గారు ఒక్కరే ఆ కాగితం ముక్కలన్నీ ఏరి గోనెలో వేస్తున్నారు. "ఎందుకు పెద్దాయనా?" అన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను. "నీళ్ళు వచ్చినప్పుడు తూముకి అడ్డం పడతయ్యమ్మా" అన్నారు. మామూలు గొంతుతోనే చెప్పారు.

ఆయన నన్ను నిలదీయలేదు, ఎవరితోనూ అనలేదు. పొద్దున ఎదురైతే నమస్కారం పెట్టేవారు, పిల్లలు బాగున్నారా అని అడిగేవారు. ఒక్కటే మారింది. ఆ తర్వాత నేను ఊళ్ళో ఉన్న నాలుగేళ్ళలో ఆయన ఇంగ్లీషు కాగితం ఒక్కటి కూడా నా దగ్గరకు తేలేదు. ఉత్తర్వులు రాకుండా ఉంటాయా? వచ్చేవి. చర్చి పాస్టరు గారి చేత చదివించుకుంటున్నారని, ఆయన లేకపోతే బస్సెక్కి వినుకొండ వెళ్ళి ఎవరినో అడుగుతున్నారని తర్వాత తెలిసింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి, ఒక కాగితం చదివించుకోవడానికి బస్సెక్కి. మా బడి ఆయన ఇంటికి నాలుగడుగులు.

చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. బదిలీ అయి గుంటూరు వచ్చేముందు వీడ్కోలు చెప్పడానికి గట్టు మీదికి వెళ్ళాను. ఆయన తూము దగ్గర మొలలోతు బురదలో ఉన్నారు. "పైకి రాలేనమ్మా, అక్కడి నుంచే దీవించి పొండి" అని నవ్వారు. బురదలో ఉన్న మనిషితో ఏం మాట్లాడతాంలే అని వచ్చేశాను. రెండేళ్ళ కింద వినుకొండ బస్టాండులో కనపడ్డారు. రిటైరయ్యారు, వీపు వంగింది. నా సంచి అందుకుని బస్సులో పెట్టారు. "పెద్దాయనా, ఆ రోజు..." అని మొదలుపెట్టాను. "సీటు పోద్దమ్మా, ఎక్కండి ఎక్కండి" అన్నారు. ఎక్కాను. గుంటూరు దాకా కిటికీ పక్కన సీటు, బ్రహ్మాండంగా దొరికింది.

ఆ రోజు ఆయన మాట ఉన్నదున్నట్టు చెబితే కృష్ణమ్మ పరుగెత్తుకుంటూ మా చేలోకి వచ్చేదని నేను అనుకోవడం లేదు. ఢిల్లీ వాళ్ళు ఏం చేసేవారో ఎవరికి తెలుసు? రాసుకుపోయి ఏ బీరువాలోనో పడేసేవారేమో. నా బాధ నీళ్ళ గురించి కాదు. ఆ ఊళ్ళో ముప్పై ఏళ్ళు కాలువ చూసిన మనిషిని ఒకే ఒక్కసారి ఒక పెద్ద ఇంజనీరు పిలిచి, నీకు తెలిసింది చెప్పు అన్నాడు. లస్కరు గారు చెప్పారు. మధ్యలో నేనున్నాను.

ఆయన్ని తలుచుకోవడానికి బుధవారం చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. వెళ్ళాను. పాటలయ్యాక పాస్టరు గారు, ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని అడిగారు. లేచాను. మంచివాడు, కష్టజీవి లాంటి మాటలు చెప్పకుండా, ఆ రోజు గట్టు మీద ఆయన అన్నది అన్నట్టు చెప్పాను. మూడు రోజుల నీళ్ళు, పైన గొట్టాలు, కొలవండి అన్నది, పంచుకుంటాం అన్నది, ఎల్లుండి చెప్పకుండా రండి అన్నది. గంపెడు, గుప్పెడు కూడా. అన్నీ గుర్తున్నాయి, ఒక్క ముక్క పోలేదు. తర్వాత నేను ఇంగ్లీషులో ఏమన్నానో అదీ తెలుగులో చెప్పాను. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ప్రెసిడెంటు, ఇప్పుడు ఆయనా ముసలాయన, "ఇప్పుడెందుకమ్మా ఇయ్యన్నీ" అన్నాడు. కోపంగా ఏమీ కాదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. నేను కూర్చున్నాను.

కూడిక అయ్యాక లస్కరు గారి ఇంటికి వెళ్ళాను. అన్నేళ్ళు ఆ ఊళ్ళో ఉండి ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. ఆయన భార్య మంచం మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చుని అడిగాను. "పెద్దమ్మా, ఆయనకు నా మీద కోపం ఉండేదా?"

ఆమె నా వైపు తిరిగింది. "కోపమని ఎప్పుడూ అనలేదమ్మా. ఆ దినం మాత్రం ఇంటికొచ్చి అన్నం తినకుండా కూచున్నాడు. ఏందయ్యా అంటే, 'టీచరమ్మ నోరెండిపోయిందే. పెదాలు తడుపుకుంటా నిలబడింది, మాట కూడా రావట్లా. నా సంచిలో మంచినీళ్ళ సీసా ఉంది, ఇద్దామనుకున్నా. అందరి ముందర నా నీళ్ళు తాగుద్దో తాగదో అని ఊరుకున్నా' అన్నాడు. ఇవ్వాల్సింది, ఇవ్వాల్సింది అని ఆ పూటంతా అదే మాట."

నాకు ఏడుపు రాలేదు. మూలనున్న కుండ వైపు చూశాను.

"నాకు కాసిన్ని మంచినీళ్ళు ఇస్తారా?" అన్నాను.

ఆమె లేచి, గోడ పట్టుకుంటూ వెళ్ళి, కుండలో గ్లాసు నిండా ముంచి తెచ్చింది. నీళ్ళు అంచు మీద ఊగుతున్నాయి. ఒలికిపోకుండా ఆ గ్లాసును ఇద్దరం నాలుగు చేతులతో పట్టుకున్నాం.